సగం మిగిలిన రెడ్ వైన్ పులిసిపోకుండా

కాలిఫోర్నియాలోని నాపా వ్యాలీ వెళ్ళినప్పుడు ఒక కుటుంబం నడుపుకునే చిన్న ద్రాక్షతోటలో కాబెర్నే అనే రకం రెడ్ వైన్ రెండు సీసాలు కొన్నాం. ఇంట్లో తాగేది ఇద్దరమే, అదీ చెరో గ్లాసు. మిగిలింది బిరడా బిగించి పెడితే మూడో రోజుకి పులుపెక్కేది. అంత డబ్బు పోసి కొన్నది సింకులో పారబోయాలంటే ప్రాణం ఉసూరుమనేది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. స్క్రూ మూత ఉన్న 375 మి.లీ. గాజు సీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి ఉంచుకోవాలి. 750 మి.లీ. సీసా తెరిచిన వెంటనే, గ్లాసుల్లో పోయకముందే, చిన్న సీసాను అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయాలి. లోపల గాలికి చోటుండకూడదు, కిటుకంతా అదే. ఐదారు రోజులు బాగానే ఉంటోంది. తాగే ముందు ముప్పావుగంట బయట పెట్టండి, మరీ చల్లగా ఉంటే వగరు ఎక్కువ తెలుస్తుంది.

రాత్రంతా తెరిచి ఉంచి, పొద్దున గుర్తొచ్చి నింపితే లాభం లేదు. పది పదిహేనేళ్ళ పాత వైన్‌కైతే ఈ పని చేయకండి, దాన్ని తెరిచిన రోజే తాగేయాలి. సీసాకి పాత వాసన కూడా ఉండకూడదు. మేం మొదటిసారి వాడింది సోయా సాస్ సీసా!