గుజ్జు అరిగిన మోకాలికి కదలికలు: ఎంత చేయాలో మర్నాటి ఉదయం చెబుతుంది

మోకాలిలో గుజ్జు అరిగిందని తెలియగానే చాలామంది నడక తగ్గించేస్తారు. నొప్పి ఉన్నచోటు కదపకూడదనుకోవడం సహజమే, కానీ మోకాలి విషయంలో అది బెడిసికొడుతుంది. ఎముకల చివర్లను కప్పే ఆ నున్నటి పొరకు, అదే మృదులాస్థికి, సొంత రక్తనాళాలు లేవు. కీలులోని జిగురు ద్రవమే దానికి ఆహారం. కాలి మీద బరువు పడి, మళ్లీ తొలగినప్పుడల్లా తడి స్పాంజిని నొక్కి వదిలినట్టు ఆ ద్రవం పొరలోకి వెళ్లి వస్తుంటుంది. కాలు కదలకపోతే ఆ రాకపోకలు తగ్గుతాయి. అంతకంటే ముందే తొడ ముందు కండరం చిక్కిపోతుంది. అడుగు వేసినప్పుడు పుట్టే అదురులో చాలా భాగాన్ని కాచుకునేది ఆ కండరమే. అది నీరసిస్తే అదురంతా కీలు మీద పడుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. వ్యాయామంతో అరిగిన గుజ్జు తిరిగి మొలవదు. నొప్పి తగ్గుతుంది, కుర్చీలోంచి లేవడం తేలికవుతుంది, మెట్ల భయం తగ్గుతుంది. అది చిన్న లాభం కాదు, కానీ రెండు మూడు రోజుల్లో కనిపించేదీ కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

మొదలుపెట్టే ముందు

మోకాలు ఎర్రబడి వేడిగా ఉబ్బినా, దాంతోపాటు జ్వరం వచ్చినా, పడిన తర్వాత కాలు మీద బరువు మోపలేకపోయినా, పిక్క ఒకవైపే వాచి నొక్కితే నొప్పి పుట్టినా, కాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించుకోండి. మోకాలి మార్పిడి ఆపరేషను అయినవాళ్లకు వేరే క్రమం ఉంటుంది, ఇది కాదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. సున్నా అంటే నొప్పే లేదు, పది అంటే భరించలేనిది. చేస్తున్నప్పుడు మూడు, నాలుగు వరకు పెరిగితే ఫరవాలేదు. అయిదు దాటితే కాలు ఎత్తే ఎత్తో, వంచే వంపో తగ్గించండి. అసలు తీర్పు మాత్రం మర్నాడు ఉదయం వస్తుంది. పెరిగిన నొప్పి ఇరవై నాలుగు గంటల్లో పాత స్థాయికి దిగిపోయి, మోకాలు కొత్తగా వాయకపోతే నిన్న చేసిన మోతాదు సరైనదే. లేవగానే బిగుసుకుపోవడం ఎప్పటికంటే ఎక్కువసేపు ఉన్నా, చిప్ప చుట్టూ ఉబ్బు కనిపించినా నిన్న ఎక్కువైందని అర్థం. నొప్పి మాత్ర వేసుకున్న వెంటనే చేస్తే ఈ లెక్క తప్పుతుంది. ఆ పూట తక్కువే చేయండి.

నొప్పి లేకుండా కటకటమని శబ్దం వస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ శబ్దానికి భయపడి మానేసేవాళ్లే ఎక్కువ.

పడుకుని చేసేవి

మొదటిది తొడ బిగింపు. కాళ్లు చాపి వెల్లకిలా పడుకోండి. తువ్వాలును పిడికిలంత లావున చుట్టి మోకాలి కింద పెట్టండి. పాదం వేళ్లను మీవైపు లాగి, మోకాలి వెనక భాగంతో తువ్వాలును కిందికి నొక్కండి. చిప్ప కాస్త పైకి, తొడ వైపు జరుగుతుంది, తొడ ముందు భాగం గట్టిపడుతుంది. అయిదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. చెయ్యి తొడ మీద వేసి చూసుకుంటే నిజంగా బిగుస్తోందో లేదో తెలుస్తుంది. చాలామంది తొడకు బదులు పిర్రలు బిగించి, చేసేశామనుకుంటారు. కీలులో నీరు చేరినప్పుడు ఈ కండరం మొండికేస్తుంది. వాపు నుంచి వెళ్లే సంకేతాలు దాన్ని అణచిపెడతాయి. అలాంటప్పుడు బలంగా నొక్కబోకుండా రోజుకు మూడు నాలుగు విడతలు, నెమ్మదిగా చేయాలి.

రెండోది మడమ జరపడం. అలాగే పడుకుని మడమను పక్క మీదే ఉంచి పిర్రల వైపు జరపండి. బిగుతు తెలిసేవరకు వంచి రెండు క్షణాలు ఆగి, పూర్తిగా చాపండి. పదిసార్లు. చేతులతో లాగి బలవంతంగా వంచొద్దు. పక్క మీద మడమ జారకపోతే మేజోడు వేసుకుంటే చాలు. అరిగిన మోకాలు పూర్తిగా చాచడాన్ని తేలిగ్గా మరచిపోతుంది. అందుకే చాపేటప్పుడు తొందరపడకండి. ఇదే కారణంతో రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం మంచిది కాదు. హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగిన స్థితికి అలవాటుపడి నిటారుగా చాచలేకుండా పోతుంది.

మూడోది కాలు ఎత్తడం. ఒక కాలు మడిచి పాదం పక్క మీద ఆనించండి. నడుముకు అదే రక్ష. రెండో కాలును ముందు బిగించి, ఆ తర్వాతే ఎత్తండి. మడిచిన మోకాలు దాటి ఎత్తక్కర్లేదు, జానెడు, జానెడున్నర చాలు. మూడు నుంచి అయిదు లెక్కపెట్టి, అంతే నెమ్మదిగా దించండి. ఎనిమిదితో మొదలుపెట్టి పన్నెండు దాకా వెళ్లొచ్చు. ఎత్తేటప్పుడు మోకాలు కొద్దిగా వంగిపోతుంటే కండరం ఇంకా సిద్ధం కాలేదన్నమాట. వారంపాటు తొడ బిగింపే చేసి మళ్లీ రండి. ఊపిరి బిగపట్టకండి, బీపీ పెరుగుతుంది. పైకి లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

కుర్చీ దగ్గర

ఒక్క వ్యాయామమే చేసే ఓపిక ఉందంటే కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయండి. రోజూ చేసే పనే కాబట్టి ఇక్కడ వచ్చిన బలం నేరుగా అక్కరకొస్తుంది.

చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. మామూలు కుర్చీ సీటు దాదాపు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నొప్పి ఉన్నవాళ్లకు అది తక్కువ. గట్టి దిండో, మడిచిన దుప్పటో వేసి 50, 55కి తీసుకురండి. సీటు ఎత్తయ్యేకొద్దీ మోకాలి వంపు తగ్గుతుంది, చిప్ప వెనక ఒత్తిడీ తగ్గుతుంది. మెత్తటి సోఫా పనికిరాదు. కూరుకుపోయిన తర్వాత లేవడానికి ఎక్కువ శ్రమ.

సీటు ముందు సగంలో కూర్చోండి. పాదాలు తుంటి వెడల్పులో, మడమలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి ఉండాలి. నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వాలి, ముక్కు కాలివేళ్ల సూటికి వచ్చాక లేవండి. వాలకుండా నిటారుగా లేవబోతే బరువంతా మోకాలి మీదే పడుతుంది. ఎక్కువమందికి నొప్పి పుట్టేది ఇక్కడే. మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వాలకుండా, పాదం రెండో వేలి సూటిలో ఉండేలా చూసుకోండి. అద్దం ముందు చేస్తే తప్పు ఇట్టే తెలుస్తుంది. దిగేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ కూర్చోండి. చివర్లో ధబ్‌మని కూలబడకండి, కండరం ఎక్కువ నేర్చుకునేది దిగేటప్పుడే. అవసరమైతే చేతులు కుర్చీ పిడి మీద ఆనించండి, అందులో తప్పేం లేదు.

అయిదుసార్లతో మొదలు. పదేసి చొప్పున రెండు విడతలు సులువుగా అయినప్పుడు దిండు మందం తగ్గించండి, అప్పుడు మళ్లీ అయిదుకు దిగండి. ఎత్తూ, సంఖ్యా ఒకేసారి మార్చొద్దు. రెండూ మారితే మర్నాటి నొప్పి దేనివల్లో తెలియదు.

కుర్చీ వెనక నిలబడి మరో రెండు చేయొచ్చు. కుర్చీ వెన్ను పట్టుకుని మడమలు ఎత్తి దించడం పిక్కలకు, పది నుంచి పదిహేనుసార్లు. కాలిని పక్కకు ఎత్తడం తుంటి పక్క కండరానికి, ఒక్కో వైపు పది. ఒంటికాలిపై నిలబడినప్పుడు నడుము పక్కకు ఒరగకుండా చూసేది ఈ కండరమే, అది బలహీనమైతే మోకాలు లోపలికి పడుతుంది. కాలు ఎత్తేటప్పుడు ఒళ్లంతా అటు వంచేస్తే ఆ కండరానికి పనే ఉండదు. పాదం ముందుకే చూస్తుండాలి, ఎత్తు తక్కువైనా సరే.

వారం లెక్క

తొడ బిగింపు, మడమ జరపడం రోజూ చేయొచ్చు. కుర్చీ వ్యాయామం, కాలు ఎత్తడం వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కరోజైనా విరామంతో. ఉదయం బిగుసుకుపోయే మోకాలికి ముందు పది నిమిషాలు గోరువెచ్చని కాపడం బాగుంటుంది. వాపు, వేడి ఉన్నప్పుడు కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ పది, పదిహేను నిమిషాలు చాలు.

నడక విడిగా లెక్క. ఒకేసారి అరగంట కాకుండా అయిదు, పది నిమిషాల చొప్పున రెండు మూడు దఫాలు నడవండి. మర్నాడు మోకాలు ఒప్పుకుంటే వారానికి ఒక్కో దఫాకు ఒకటి రెండు నిమిషాలు చొప్పున పెంచండి. నడక కష్టమైతే సైకిలు మంచిది. సీటు ఎత్తు సరిచూసుకోండి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు తక్కువైతే చిప్ప కింద నొప్పి ఖాయం. బరువు ఎక్కువున్నవాళ్లకు నీళ్లలో నడక ఎంతో తేలిక, నడుము లోతు నీటిలో కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమే.

నొప్పి పెరిగితే

పూర్తిగా మానేయకండి. రెండు రోజులు కుర్చీ వ్యాయామం ఆపి, పడుకుని చేసేవే చేయండి. నొప్పి దిగాక పాత సంఖ్యలో సగంతో మొదలుపెట్టి వారంలో మళ్లీ ఆ సంఖ్యకు రండి. చేసిన ప్రతిసారీ ఇదే తంతయితే సీటు ఎత్తు, పాదాల స్థానం, లేచే తీరు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. ఏదో ఒకదాన్ని సరిచేస్తే ఎక్కువసార్లు సరిపోతుంది.

మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు నొప్పిలేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర వాడితే నొప్పి కాలికి ఎదురు చేతిలో పట్టుకుని, కర్రా ఆ కాలూ ఒకేసారి ముందుకు వేయాలి. కర్ర ఎత్తు, చేతులు వదులుగా వేలాడేసి నిలబడినప్పుడు మణికట్టు మడత దాకా.