చెరువు అడుగు మట్టిలో పాదరసం: నీటిని ఎప్పుడు, ఎలా పరీక్షించాలి

పూడిక మట్టిని ల్యాబ్‌కు పంపి, మొత్తం పాదరసం అంకె చూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. చేపల్లో పేరుకునేది మిథైల్ పాదరసం, అంటే కార్బన్‌తో కలిసిన విషపు రూపం. దాన్ని ఎక్కువగా తయారుచేసేది ఆక్సిజన్ అందని బురదలో సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా. ఎంత తయారవుతుందో తేల్చేది నీటి రసాయనం.

నల్లగొండ, పాలమూరు చెరువులు ఎండాకాలం నెర్రెలు బారతాయి. గాలి తగిలి మట్టిలోని సల్ఫైడ్ సల్ఫేట్‌గా మారుతుంది. తొలి వరద నిలవగానే ఆ సల్ఫేట్, కుళ్లే గడ్డి రెండూ బ్యాక్టీరియాకు దొరుకుతాయి. అందుకే నిండిన తొలి వారాల్లో ఒకసారి, చలికాలంలో మరోసారి నమూనా తీయాలి.

తెల్లవారకముందే వెళ్లండి. మధ్యాహ్నం నాచు వదిలే ఆక్సిజన్ వల్ల పైనీళ్లు ఎప్పుడూ బాగున్నట్టే కనబడతాయి. తూము దగ్గర లోతులో, బురదకు జానెడు పైన ప్రోబ్ పెట్టండి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాముల లోపు ఉంటే అక్కడ మిథైల్ పాదరసం తయారవుతోందని అనుమానించాలి. ఓఆర్‌పీ మీటరులో (నీరు, బురద ఎంత ఆక్సీకరణ స్థితిలో ఉన్నాయో మిల్లీవోల్టుల్లో చూపేది) సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే వచ్చిన అంకెకు సుమారు 200 మిల్లీవోల్టులు కలపాలి. మరిచిపోతే మామూలు బురద కూడా ఘోరంగా కనబడుతుంది. ఇక్కడి నీళ్లు క్షారమే గదా అని ధీమా వద్దు. పీహెచ్ తగ్గితే ముప్పు పెరిగేది నిజమే గానీ, క్షారం ఒక్కటే దాన్ని ఆపదు.

సల్ఫేట్‌ను, ఆ బ్యాక్టీరియా దాన్ని వాడుకుని వదిలే సల్ఫైడ్‌ను కలిపి చదవాలి. సల్ఫేట్ పెరిగితే మిథైల్ పాదరసం కొంతవరకే పెరుగుతుంది. సల్ఫైడ్ మరీ పేరుకుంటే పాదరసం బ్యాక్టీరియాకు అందని రూపాల్లోకి పోతుంది. మూసీ మురుగు చేరే చోట కుళ్లిన గుడ్డు వాసన కొట్టే నల్ల బురదే అన్నిటికన్నా చెడ్డదనుకోవడం తొందరపాటు. సల్ఫేట్ తగ్గుతూ, సల్ఫైడ్ ఇంకా ముదరని అంచులను వదలకండి. సల్ఫైడ్ సీసాలో గట్టు మీదే జింక్ ఎసిటేట్, సోడియం హైడ్రాక్సైడ్ వేయాలి, లేకుంటే అది గాలికి పోతుంది.

మట్టికి యాక్రిలిక్ గొట్టం దింపి, పై 5 సెంటీమీటర్లను పొరలుగా కోయండి. పాదరసం కోసం నీళ్లను టెఫ్లాన్ మూత ఉన్న గాజు సీసాలో పట్టాలి, మామూలు ప్లాస్టిక్ గుండా పాదరసం ఆవిరి చొరబడుతుంది. బయటి పాదరసం అంటకుండా, ఇద్దరుంటే ఒకరు సీసాను మాత్రమే ముట్టుకోవాలి. పళ్లలో అమాల్గం (పాదరసం కలిసిన లోహపు పూత) నింపించుకున్నవాళ్లు తెరిచిన సీసా మీదికి ఊపిరి వదలకూడదు. మట్టిని ఐస్‌లో తెచ్చి అదేరోజు మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించండి. 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెడితే కొంత పాదరసం ఎగిరిపోతుంది, తేమ కొలవడానికి వేరే ముక్క వాడండి.

మొత్తం పాదరసానికి కెనడా మార్గదర్శకం మంచినీటి అడుగు మట్టికి ఎండు బరువులో కిలోకు 0.17 మిల్లీగ్రాములు. మీ అంకె దానికి లోపే ఉన్నా, అందులో మిథైల్ వాటా 1 శాతం దాటితే చేపలను కూడా పరీక్షకు పంపండి. రవ్వ, బొచ్చె కాదు, ఇతర చేపలను తినే కొర్రమీను కండ.