పరుగు మొదలుపెడితే కాలి ముందు ఎముక నొప్పి, నాకు ఎలా తగ్గిందంటే

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లు ఇదే అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నాలుగేళ్ల తర్వాత మళ్లీ పరుగు మొదలుపెడితే మూడో వారానికే కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి జానెడు మేర నొప్పి, వేలితో నొక్కితే జివ్వుమనేది. కొత్త షూ, ఐస్, స్ప్రే, పది రోజుల రెస్ట్, ఏదీ నిలబడలేదు.

ముందు పరుగు పూర్తిగా ఆపేసి, అరగంట నడిచినా నొప్పి రాని దాకా నల్గొండ దగ్గర పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడక మాత్రమే. తర్వాత రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు. వారానికి పరుగు అర నిమిషమే పెంచా, ఎందుకంటే ఊపిరి తొందరగా అలవాటు పడుతుంది, ఎముకకు టైం పడుతుంది. అసలు తేడా అడుగులో కనిపించింది. నిమిషానికి 156 అడుగులు పడేవి, అడుగు చిన్నది చేసి 166కి తెచ్చా, మడమ ముందుకు చాపి దబ్బున వేయడం తగ్గింది. ఇంటి మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం కూడా, 15 చొప్పున మూడు సార్లు.

తొమ్మిది వారాలకు 5 కిలోమీటర్లు నొప్పి లేకుండా పరుగెత్తా. వీటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను, అందరికీ సరిపోతుందనీ అనను. నొప్పి ఒకే చుక్క దగ్గర ఉన్నా, రాత్రి పడుకున్నాక సలుపుతున్నా ఇవేవీ చేయకండి, ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించండి.