లైన్ చార్టులో కాలాన్ని సరిగా చూపే పద్ధతి
డ్యాష్‌బోర్డులో కాలంతో మారే విలువలను చార్ట్.జెఎస్ (వెబ్ పేజీల్లో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) లైన్ చార్టుతో చూపేటప్పుడు, అడ్డ అక్షాన్ని డిఫాల్టుగా ఉండే క్యాటగిరీ రకంలో (విలువలను వరుసగా పేర్చిన పేర్లుగానే చూసే రకం) వదిలేయక, తేదీల అడాప్టరును (తేదీలను చదివి చూపే అనుబంధ కోడ్) జోడించి టైమ్ రకానికి మార్చండి. లేకపోతే పది నిమిషాల ఎడమైనా, పది గంటల ఎడమైనా బిందువుల మధ్య దూరం ఒకేలా కనిపిస్తుంది. కొలత అందని సమయానికి నల్ (ఖాళీ) విలువ ఇచ్చి, ఖాళీల మీదుగా గీతను కలిపే స్పాన్‌గ్యాప్స్ సెట్టింగును ఫాల్స్‌గానే ఉంచితే గీత అక్కడ తెగి, సమాచారం రాలేదని స్పష్టంగా తెలుపుతుంది. ఆ చోట సున్నా వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే సున్నా కూడా ఒక కొలతే. రోజువారీ మొత్తాలను సర్వరు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం విడగొడితే, మన రోజు ఉదయం 5:30కు మొదలై, అంతకుముందు జరిగిన అమ్మకాలు నిన్నటి లెక్కలో చేరతాయి. కనుక కూడికకు ముందే సమయాన్ని భారత కాలమానానికి మార్చుకోవాలి.