కరెంటు పోయొచ్చినా లైనక్స్ టైమ్ తప్పకుండా

రొయ్యల చెరువు షెడ్డులోనో రైస్ మిల్లు కాటా దగ్గరో ఉన్న లైనక్స్ పీసీలో టైమ్ ఎంత తప్పిందో ముందు చూడండి. జబ్బేమిటో చాలావరకు అక్కడే తెలుస్తుంది. రోజుకు ఒకటి రెండు సెకన్లంటే బోర్డు మీది క్రిస్టల్ (గడియారాన్ని నడిపే స్ఫటికం) స్వభావమే. 20 పీపీఎం (పది లక్షల సెకన్లకు 20 సెకన్లు) తేడాకే రోజుకు 1.7 సెకన్లు. సరిగ్గా ఐదున్నర గంటలైతే అదే మెషీన్లో విండోస్ కూడా ఉండి ఉంటుంది: అది బోర్డు గడియారంలో మన టైమ్ రాస్తుంది, లైనక్స్ దాన్ని యూటీసీ (మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైమ్) అనుకుంటుంది. కరెంటు వచ్చాక తేదీ ఏళ్ల వెనక్కి పోతే బోర్డు గడియారాన్ని కరెంటు లేనప్పుడు నడిపే బటన్ సెల్లు అయిపోయినట్టే. అప్పుడు బ్రౌజర్‌లో సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, జనం ఇంటర్నెట్‌ని తిడతారు.

సెల్లు సంగతి ముందు. చాలా బోర్డుల్లో ఉండేది 3 వోల్టుల సీఆర్2032. ప్లగ్గు పీకేసి తీయండి, మల్టీమీటర్‌లో 2.7 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. భీమవరం, అమలాపురం వైపు ఉప్పుగాలికి క్లిప్పు మీద పచ్చగా చిలుము పడుతుంది. దాన్ని గీకకపోతే కొత్త సెల్లు వేసినా ఫలితం ఉండదు. ప్లస్ గుర్తు పైకి రావాలి. సెల్లు తీస్తే బయోస్ (బోర్డు సెట్టింగుల మెనూ) మొదటికి రావచ్చు, కాబట్టి తర్వాత అందులో బూట్ ఆర్డర్ చూసుకోండి.

ఇక ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్లను అడిగి గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్ క్రోనీ. డెబియన్, ఉబుంటుల్లో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్రోనీ’, ఆ తర్వాత ‘సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా’. క్రోనీ కాన్ఫిగ్ ఫైల్లో ‘ఆర్‌టీసీసింక్’ ఉండాలి. అది ఉంటే కెర్నల్ 11 నిమిషాలకోసారి సరైన టైమును బోర్డు గడియారంలోకి ఎక్కిస్తుంది. ‘మేక్‌స్టెప్ 1 3’ని అలాగే ఉంచండి. స్టార్టయ్యాక మొదటి మూడు సవరణల్లోనే, తేడా సెకను దాటితేనే, టైమ్ ఒక్కసారిగా గెంతుతుంది. 3 తీసి -1 పెడితే ఎప్పుడైనా గెంతుతుంది. మధ్యాహ్నం టైమ్ వెనక్కి పోతే కాటా చీటీల వరస చెడుతుంది.

పది నిమిషాలాగి ‘క్రోనీసీ సోర్సెస్’ కొట్టండి. ఒక సర్వర్ ముందు నక్షత్రం గుర్తు, రీచ్ కింద 377 ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకీ జవాబొచ్చినట్టు. అన్నిటికీ ప్రశ్నార్థకమే ఉంటే రూటర్‌లో టైమ్ ప్రశ్నలు వెళ్లే యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూడండి.

గట్టు మీద ఆక్సిజన్ రీడింగులు రాసే రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న బోర్డు కంప్యూటర్) మాత్రం వేరే కథ. దాంట్లో బ్యాటరీ గడియారమే లేదు. తెల్లవారుజామున కరెంటు పోయి వస్తే, ఆక్సిజన్ బాగా పడిపోయే ఆ వేళ రీడింగులే తప్పు టైముతో పడతాయి. బ్యాటరీ గడియారం ఉండే డీఎస్3231 మాడ్యూల్ పెట్టండి. లేదంటే లాగర్ (రీడింగులు రాసే ప్రోగ్రామ్) కంటే ముందు ‘క్రోనీసీ వెయిట్‌సింక్ 30’ నడిచేలా చేయండి: టైమ్ కుదిరేదాకా, కుదరకపోతే సుమారు ఐదు నిమిషాల దాకా ఆగుతుంది.