చిన్న యాప్ కంటపడాలంటే: ముందు స్టోర్‌ని ఎలా కట్టారో చూడండి

ప్లే స్టోర్ తెరిచి మొదటి పేజీని ఒకసారి నిదానంగా చూడండి. వెతికే పెట్టె, ప్రకటనలు, "మీ కోసం" తరహా వరుసలు, టాప్ చార్టులు. ఆ వరుసల్లో వచ్చేవాటిలో సగం మీ ఫోన్‌లో ఇప్పటికే ఉంటాయి, మిగతావి మీ పక్కింటివాళ్ల ఫోన్‌లో ఉంటాయి. అమీర్‌పేటలోనో ఎస్.ఆర్.నగర్‌లోనో హాస్టల్ గదిలో కూర్చుని రాత్రులు మేలుకుని ఎవరో చేసిన యాప్ అక్కడికి రాలేదంటే అది బాగాలేదని కాదు, ఆ చోటు ఇప్పటికే జనం వాడుతున్నవాటి కోసం కట్టినది కాబట్టి రాలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలవాళ్లు కూడా అంతే కదా, ముందు వరుసలో పోటీ పరీక్షల గైడ్లు పరుస్తారు, మీకు కావలసిన పాత పుస్తకం పేరు చెప్పి అడిగితేనే కట్ట కిందినుంచి తీసి ఇస్తారు.

కాబట్టి మొదటి పేజీ మీద ఆశ పక్కన పెట్టండి. కొత్త యాప్‌కి మొదటి రోజు నుంచీ తెరిచి ఉండే దారులు రెండే. ఒకటి వెతుకులాట, రెండోది మీరే జనానికి ఇచ్చే లింకు. ఈ రెండింటినీ ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

దానికి ముందు, టాప్ చార్ట్ మీద మోజు ఎందుకు వదులుకోవాలో కాస్త చెప్పాలి. 2006లో సైన్స్ పత్రికలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురి ప్రయోగం ఒకటి అచ్చయింది. 14 వేలమందికి పైగా జనానికి ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 ఇచ్చి, వినండి, నచ్చితే డౌన్‌లోడ్ చేసుకోండి అన్నారు. కొందరికి ఏ పాటని ఎంతమంది దించుకున్నారో అంకెలు చూపించారు, కొందరికి చూపించలేదు. అంకెలు చూసినవాళ్ల దగ్గర పైనున్న పాటలు ఇంకా పైకి పోయాయి, కిందవి ఇంకా కిందికి జారాయి, పైగా ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకొచ్చింది. మరీ మంచి పాట పూర్తిగా మునిగిపోవడం అరుదే, మరీ బాగాలేనిది పైకి తేలడమూ అరుదే, కానీ ఆ మధ్యలో ఉన్నవాటి గతి ఏమైనా కావచ్చని తేలింది. ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ పక్కనా 100+, 10 వేలు+ అని కనిపించే అంకె చేసే పని కూడా ఇలాంటిదే. యాపిల్ స్టోర్‌లో డౌన్‌లోడ్ల అంకె చూపించరు, ఆ ఒక్క విషయంలో కొత్తవాళ్లకి అక్కడ కొంచెం ఊపిరి ఆడుతుంది.

వెతికేవాళ్ల నోట్లో ఉన్న మాట పట్టుకోండి

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మన దగ్గర చాలా కాలనీల్లో జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఏ వేళకి వస్తాయో ఒక్కోసారి వీధి చివరివాళ్లకి తెలుస్తుంది, మనకి తెలియదు. బోరబండలో ఎవరో ఒక అమ్మాయి, ఇరుగుపొరుగువాళ్లు "వచ్చాయి" అని నొక్కితే మిగతావాళ్లకి కబురు అందే యాప్ చేసిందనుకోండి. దానికి "జలధార" అని పేరు పెట్టి ఊరుకుంటే ఎవరికీ దొరకదు. ఎందుకంటే ఆ పేరు ఎవరూ వెతకరు. వెతికేవాళ్లు నల్లా నీళ్లు, వాటర్ టైమింగ్, హైదరాబాద్ వాటర్ అని కొడతారు, అదీ చాలామంది తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు.

గూగుల్ ప్లేలో పేరుకి 30 అక్షరాలు ఇస్తారు. 2021 ముందు 50 ఉండేవి, తగ్గించారు. "జలధార: నల్లా నీళ్ల టైమ్" అంటే అందులో సరిపోతుంది, ముందు మీ పేరు, తర్వాత అది చేసే పని. చిన్న వివరణకి 80 అక్షరాలు, పెద్ద వివరణకి 4000. ప్లేలో కీవర్డ్‌లకి (వెతుకులాటలో దొరకడానికి ఇచ్చే మాటలకి) వేరే గడి లేదు కాబట్టి ఈ మూడు చోట్ల మీరు రాసినదే వెతుకులాటకి ఆధారం. అలాగని వివరణలో ఒకే మాటని ఇరవైసార్లు కుక్కకండి, అది నిబంధనలకి విరుద్ధం, చదివేవాళ్లకి చిరాకు కూడా. పేరులోనూ ఐకాన్ మీదా "నంబర్ 1", "బెస్ట్", "ఫ్రీ" లాంటి మాటలు పెట్టనివ్వరు, పేరులో ఎమోజీలు కూడా కుదరవు.

ఇక్కడ మనవాళ్లు చాలామంది వదిలేసే పని ఒకటి ఉంది, నాకు బాధ కలిగించేది కూడా అదే. ప్లే కన్సోల్‌లో (యాప్ చేసినవాళ్లు దాన్ని నిర్వహించుకునే చోటు) స్టోర్ లిస్టింగ్‌కి, అంటే స్టోర్‌లో మీ యాప్ గురించి కనిపించే పేజీకి, తెలుగు అనువాదం విడిగా చేర్చుకోవచ్చు. ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవాళ్లకి మీ పేరు, వివరణ, స్క్రీన్‌షాట్లు అన్నీ తెలుగులోనే కనిపిస్తాయి. తెలుగువాళ్ల కోసం, తెలుగువాళ్లే చేసిన యాప్‌కి తెలుగు లిస్టింగ్ లేకపోవడం ఏమిటి చెప్పండి? యంత్రం అనువాదం చేసి పడేయకుండా మీరే కూర్చుని రాయండి, మీ అమ్మకి ఫోన్‌లో ఎలా వివరిస్తారో అలా. తెలంగాణలో నల్లా అంటాం, విజయవాడ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నవాళ్లు కుళాయి అని వెతుకుతారు, వివరణలో రెండూ సహజంగా వచ్చేలా రాస్తే చాలు.

యాపిల్ స్టోర్ లెక్క వేరు. పేరుకి 30, దాని కింద సబ్‌టైటిల్‌కి 30, బయటికి కనపడని కీవర్డ్ గడికి 100 అక్షరాలు. కామాల మధ్య ఖాళీ వదలకండి, పేరులో వచ్చిన మాట మళ్లీ కీవర్డ్‌లలో రాయకండి, రెండింటి వల్లా చోటు దండగ. తమ స్టోర్‌లో డౌన్‌లోడ్‌లలో దాదాపు 65 శాతం వెతికిన వెంటనే జరుగుతాయని యాపిల్ సంస్థే చెబుతుంది, అంటే ఆ 100 అక్షరాల మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టినా ఎక్కువ కాదు. కాకపోతే 2016 నుంచి వెతుకులాట ఫలితాల పైన ప్రకటనలు కూడా వస్తున్నాయి, కాబట్టి పెద్ద కంపెనీలు డబ్బు కుమ్మరించే "వాటర్", "డెలివరీ" లాంటి విశాలమైన మాటల జోలికి పోకండి. ఇరుకైన మాట పట్టుకోండి. రోజుకి పదిమందే వెతికినా పర్లేదు, ఆ పదిమందికీ మీ యాప్ అవసరం.

చూసి దించుకునేలోపు జారిపోయేవాళ్లు

దొరకడం ఒక ఎత్తు, దొరికాక నొక్కించడం ఇంకో ఎత్తు. జనం వివరణ చదవరు, బొమ్మలు చూస్తారు. ప్లేలో ఫోన్‌కి 8 స్క్రీన్‌షాట్ల దాకా పెట్టొచ్చు, యాపిల్‌లో 10, కానీ యాపిల్‌లో వీడియో లేకపోతే వెతుకులాట ఫలితాల్లోనే మొదటి ఒకటి నుంచి మూడు బొమ్మలు కనిపిస్తాయి. మొదటి బొమ్మ మీద లాగిన్ పేజీ పెట్టేవాళ్లని చూస్తే అయ్యో అనిపిస్తుంది. పని జరుగుతున్న తెర పెట్టండి, పైన పెద్ద అక్షరాల్లో ఒక్క వాక్యం. ఏ బొమ్మ బాగా పనిచేస్తుందో మనసులో లెక్కలు వేసుకోనక్కర్లేదు, ప్లే కన్సోల్‌లో స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్ అని ఉంటుంది, వచ్చినవాళ్లలో కొందరికి ఒకటి, కొందరికి ఇంకొకటి చూపించి పోల్చి చెబుతుంది. అయితే రోజుకి నలుగురు కూడా రాని దశలో దాంతో తేలేది ఏమీ ఉండదు, జనం కాస్త పెరిగాక వాడండి.

సైజు సంగతి కూడా చూసుకోండి. ఏపీకే, అంటే యాప్ ఇన్‌స్టాల్ ఫైలు, 6 ఎంబీ పెరిగిన ప్రతిసారీ ఇన్‌స్టాల్ రేటు 1 శాతం తగ్గుతుందని గూగుల్ ప్లేవాళ్లే 2017లో లెక్క చెప్పారు. ఫోన్ నిండా ఫోటోలు, వాట్సాప్ వీడియోలు ఉన్న మనిషికి మీ యాప్ 90 ఎంబీ అని తెలిస్తే అక్కడే ఆగిపోతాడు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. యాప్ పదేపదే ఆగిపోతుంటే స్టోర్ దాన్ని తక్కువగా చూపిస్తుంది. రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం కంటే ఎక్కువమందికి క్రాష్ అయినా, 0.47 శాతం కంటే ఎక్కువమందికి తెర బిగుసుకుపోయినా ప్లేలో మీరు కనిపించడం తగ్గిపోవచ్చు. ఒకే మోడల్ ఫోన్‌లో 8 శాతం దాటితే ఆ ఫోన్ ఉన్నవాళ్లకి కూడా తగ్గించి చూపిస్తారు. కాబట్టి మీ కొత్త ఫోన్‌లో బాగా నడిచిందని సంతోషపడి ఊరుకోకుండా, జగదీశ్ మార్కెట్‌లో దొరికే పాత తక్కువ ర్యామ్ ఫోన్ ఒకటి కొని అందులో నడిపి చూడండి. ప్రకటనల మీద పెట్టే డబ్బు కంటే ఇది ఎంతో ఉపయోగం.

మొదటి పన్నెండుమంది

2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకి ప్లేలో ఒక షరతు ఉంది, యాప్ అందరికీ విడుదల చేసే ముందు క్లోజ్డ్ టెస్ట్ చేయాలి, అంటే మీరు పిలిచిన కొద్దిమందితోనే వాడించి చూడాలి. మొదట్లో 20 మంది టెస్టర్లు 14 రోజులు వరుసగా ఉండాలనేవారు, 2024 డిసెంబర్‌లో 12 మందికి తగ్గించారు. దీన్ని పీడగా చూసి టెలిగ్రామ్ గ్రూపుల్లో "నీ యాప్ నేను, నా యాప్ నువ్వు" అని మార్చుకునేవాళ్లు కోకొల్లలు. అలా చేస్తే షరతు గట్టెక్కుతుందేమో గానీ మీకు ఏమీ తెలియదు. ఆ పన్నెండుమందినీ మీ యాప్ నిజంగా కావలసినవాళ్లలోంచే ఎంచుకోండి. నీళ్ల యాప్ అయితే కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పొద్దున్నే మోటారు వేసే పై అంతస్తు ఆంటీ. వాళ్లకి ఏది అర్థం కాలేదో రెండు వారాల్లో తెలిసిపోతుంది. క్లోజ్డ్ టెస్ట్‌లో వాళ్లు ఇచ్చే అభిప్రాయం మీకు మాత్రమే కనిపిస్తుంది, రేటింగ్‌లో కలవదు, కాబట్టి తిట్టినా నష్టం లేదు, తిట్టమనే చెప్పండి.

విడుదలయ్యాక వాళ్లే మీ మొదటి లింకులు పంచేవాళ్లు. కాలనీ వాట్సాప్ గ్రూపుకి ఒక లింకు, కిరాణా కొట్టు గోడ మీది క్యూఆర్ కోడ్‌కి ఇంకో లింకు, కాలేజీ గ్రూపుకి వేరేది, ఇలా దేనికది గుర్తు పెట్టి ఇస్తే ఎక్కడినుంచి ఎంతమంది వచ్చారో కన్సోల్‌లో తెలుస్తుంది. ప్లేలో లింకుని బట్టి వేరే పేజీ కనిపించేలా కస్టమ్ లిస్టింగ్‌లు కూడా చేసుకోవచ్చు, కాలనీవాళ్లకి ఒక రకం బొమ్మలు, ట్యాంకర్ నడిపేవాళ్లకి ఇంకో రకం.

రేటింగ్ అడగడానికి ఒక సమయం ఉంటుంది. యాప్ తెరవగానే అడగకండి. నీళ్లు వచ్చాయన్న కబురు అంది, బిందెలు నింపుకున్నాక అడగండి. రెండు స్టోర్లూ యాప్ లోపలే నక్షత్రాల పెట్టె చూపించే సదుపాయం ఇస్తున్నాయి, యాపిల్ అయితే ఏడాదికి మూడుసార్లకి మించి చూపించదు. ప్లే రేటింగ్‌లో కొత్తవాటికి ఎక్కువ బరువు ఇస్తుంది, 2021 చివరినుంచి దేశాన్ని బట్టి విడిగా చూపిస్తుంది కూడా, అంటే ఒకప్పుడు తక్కువ వచ్చినా బాగుచేస్తే పైకి లేవచ్చు. రివ్యూలకి జవాబు 350 అక్షరాల్లో ఇవ్వొచ్చు, తెలుగులో రాసినవాళ్లకి తెలుగులోనే ఇవ్వండి. రివ్యూలు అమ్ముతామని మెసేజ్ పెట్టేవాళ్లకి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, దొరికితే యాప్‌నే తీసేస్తారు, పడ్డ కష్టమంతా పోతుంది.

ప్లే ఒక్కటే స్టోర్ కాదు. ఫోన్‌పే వాళ్ల ఇండస్ యాప్‌స్టోర్ 2024 ఫిబ్రవరిలో వచ్చింది, ఇంగ్లిష్ కాకుండా 12 భారతీయ భాషల్లో నడుస్తుంది, తెలుగు అందులో ఉంది. మీ కోడ్ అందరికీ తెరిచి పెట్టగలిగితే ఎఫ్-డ్రాయిడ్ అని కోడ్ తెరిచి పెట్టిన యాప్‌ల స్టోర్ ఉంది, అది వాడేవాళ్లని వెంబడించదు, డౌన్‌లోడ్ల అంకెలతో వరుస పేర్చదు, కొత్తగా వచ్చినవీ కొత్తగా అప్‌డేట్ అయినవీ ముందు కనిపిస్తాయి. అక్కడ జనం తక్కువే, కానీ వచ్చేవాళ్లు కొత్తవి వెతకడానికే వస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే స్వేచ్ఛ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, కోడ్ తెరవడం గురించి సందేహాలుంటే అలాంటి చోట మాట్లాడండి.

వారానికి ఒకసారి కన్సోల్‌లో జనం ఏ దారిన వచ్చారో చూడండి. ప్లే వెతుకులాట, ప్లే ఎక్స్‌ప్లోర్ (వెతక్కుండా స్టోర్‌లో తిరుగుతూ చూసినవాళ్లు), బయటి లింకులు అని విడివిడిగా చూపిస్తుంది. వెతుకులాటలో మీరు ఊహించని మాట కనిపిస్తే వెంటనే చిన్న వివరణలోకి తెచ్చుకోండి. అయితే రోజూ పేరు మార్చకండి, ఒక మార్పు చేశాక కొన్ని వారాలు ఆగితేనే ఫలితం తెలుస్తుంది.

యాప్‌లు చేయని, వాడుకునేవాళ్లకి కూడా రెండు మాటలు. "ఎడిటింగ్ యాప్" అని కాకుండా "తెలుగు అక్షరాలతో పెళ్లి కార్డు" అని వెతకండి, చిన్నవాళ్లు బయటపడతారు. ఫలితాల్లో రెండో తెర, మూడో తెర దాకా కిందికి వెళ్లండి. 5 నక్షత్రాల రివ్యూలు వదిలేసి 3 నక్షత్రాలవి చదవండి, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో, డేటా సేఫ్టీలో (మీ సమాచారం ఏం తీసుకుంటారో చెప్పే భాగం) ఏం రాశారో చూడండి. నచ్చితే "సూపర్" అని ఒక్క మాట రాసి వదిలేయకుండా ఏ పనికి వాడుతున్నారో, ఏ ఫోన్‌లో, ఏ ఏరియాలో పనికొచ్చిందో నాలుగు ముక్కలు తెలుగులో రాయండి. తర్వాత వెతుక్కుంటూ వచ్చే మనిషి ఆ నాలుగు ముక్కలు చూసే దించుకోవాలా వద్దా అని తేల్చుకుంటాడు.