వరంగల్ నుంచి శంషాబాద్ విమానానికి: ఇల్లు ఎప్పుడు కదలాలి?

మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో కేంద్ర పౌర విమానయాన శాఖ ఆమోదం తెలిపినా, అక్కడి నుంచి విమానాలు ఎగిరే దాకా వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ వాసులందరికీ శంషాబాదే దిక్కు. హైదరాబాద్‌లో ఉండేవారు విమానాశ్రయానికి ఎన్ని గంటల ముందు చేరాలని అడుగుతారు. మనం అడగవలసింది అది కాదు, ఇల్లు ఎన్ని గంటలకు కదలాలి అన్నది. దేశంలోపలి ప్రయాణానికి రెండు గంటల ముందు, విదేశీ ప్రయాణానికి కనీసం మూడు గంటల ముందు చేరాలన్న మాట చాలామందికి తెలుసు. అయినా మన వైపు నుంచి వెళ్లి విమానం తప్పిపోయినవారు ఆ లెక్క తెలియక తప్పిపోలేదు, ఆ లెక్కకు ముందున్న నూటయాభై, రెండువందల కిలోమీటర్ల దారిని తక్కువగా అంచనా వేసి తప్పిపోయారు.

లెక్కను టికెట్‌పై ఉన్న సమయం నుంచి మొదలుపెట్టకూడదు. ఆ సమయానికి విమానం కదిలిపోతుంది. సామాను తీసుకునే కౌంటర్ దేశీయ ప్రయాణాలకు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, విదేశీ ప్రయాణాలకు గంట నుంచి గంటంపావు ముందు మూస్తారు. విమానం ఎక్కే గేటును కూడా దాదాపు ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందే మూస్తారు. కచ్చితమైన నిమిషాలు ఒక్కో సంస్థకు ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి టికెట్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరాన్ని ఇంట్లో చదవగలిగినవారెవరితోనైనా చదివించుకోవాలి. ఇంటి దగ్గరే ఫోన్‌లో చెక్-ఇన్ చేసుకున్నాం కదా అని నిదానించడం కూడా పొరపాటే, ఎందుకంటే పెద్ద బ్యాగులుంటే వాటిని అదే కౌంటర్‌లో, అదే గడువులోగా అప్పగించాలి. విమానం ఆలస్యమని సందేశం వచ్చినా బయలుదేరే సమయాన్ని వెనక్కి జరపకూడదు. ఆ ఆలస్యం తగ్గిపోవచ్చు, కౌంటర్‌ను మొదటి సమయానికే మూసేయనూవచ్చు.

ఉదాహరణకు హన్మకొండ నుంచి తెల్లవారుజామున 4:10కి దుబాయి విమానం ఎక్కవలసిన మనిషిని తీసుకుందాం. కౌంటర్ మూడు గంటల ప్రాంతంలో మూసేస్తారు. బ్యాగుల వరుస, ఇమిగ్రేషన్ వరుస, భద్రతా తనిఖీ, ఈ మూడూ నిదానంగా జరగాలంటే రాత్రి పన్నెండున్నరకు అతను టెర్మినల్ తలుపు దగ్గర ఉండాలి. జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళితే దారికి మూడు గంటలు పడుతుంది, చాయ్‌కి ఆగితే మూడున్నర. దానికి టైరు పంక్చర్‌కో, టోల్ గేటు దగ్గర వరుసకో మరో గంట కలపాలి. అంటే రాత్రి ఎనిమిదింటికల్లా బండి కదలాలి. ఇంత ముందు ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ మిగులు గంటను ఇంట్లో కూర్చుని గడపడం కంటే విమానాశ్రయంలో కుర్చీలో కూర్చుని గడపడమే మేలు, ఎందుకంటే ఇంట్లో గడిపిన గంట దారిలో అవసరం పడితే తిరిగి రాదు.

తేదీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మా బంధువుల అబ్బాయి ఒకరికి పదిహేనో తేదీ 00:40కి మస్కట్ విమానం ఉండేది. ఇంటిల్లిపాదీ దాన్ని పదిహేనో తేదీ రాత్రి అనుకున్నారు. పదిహేను పొద్దున సంచులు సర్దుతుండగా టికెట్ చూసిన నాకు చేతులు చల్లబడ్డాయి, అప్పటికి విమానం వెళ్లిపోయి పది గంటలయింది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారుతుంది. కాబట్టి 00తో గానీ 01, 02తో గానీ మొదలయ్యే సమయం కనిపిస్తే, ఇల్లు విడవవలసింది ముందటి తేదీ సాయంత్రమని క్యాలెండర్‌లో ఆ ముందటి తేదీ మీదే రాసి పెట్టుకోవాలి. గల్ఫు విమానాలు చాలావరకు రాత్రివేళల్లోనే ఉంటాయి గనుక ఈ పొరపాటుకు ఎక్కువగా బలయ్యేది మన పల్లెల వాళ్లే.

దారి కాలాన్నిబట్టి మారుతుంది. వర్షాకాలంలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు వాగులు పొంగితే ఊరు దాటడమే గగనమవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయి ఆ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం పడితే ముందు రోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో పడుకోవడం మంచిది. కోతల కాలంలో రైతులు వడ్లను రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రిపూట ఆ రాళ్లు దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల వేగం సగానికి తగ్గుతుంది. మేడారం జాతర రోజుల్లో, దసరా ముందూ వెనుకా హైదరాబాద్-వరంగల్ దారిలో టోల్ గేట్ల దగ్గర బండ్లు బారులు తీరుతాయి, ఆ రోజుల్లో మామూలు లెక్కకు రెండు గంటలు కలిపినా ఎక్కువ కాదు. ఉప్పల్ వైపు నుంచి నగరంలోకి వెళ్లే దారిని మాత్రం ఏ కాలంలోనూ ఎంచుకోవద్దు. కరీంనగర్ వైపు వారు రాజీవ్ రహదారిలో శామీర్‌పేట దగ్గర, ఆదిలాబాద్, నిజామాబాద్ వారు 44వ నంబరు జాతీయ రహదారిలో మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కవచ్చు. ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే వేయించుకోవాలి. రైలులో వెళ్లేవారు దూరం నుంచి వచ్చే రైలును నమ్ముకోకుండా, తప్పిపోతే ఎక్కడానికి ఇంకొకటి ఉండే వేళకు కాజీపేటలో ఎక్కి, సికింద్రాబాద్ నుంచి పుష్పక్ బస్సు పట్టుకోవాలి.

సామాను సర్దడం కూడా సమయం విషయమే. తనిఖీలో బ్యాగు తెరిపిస్తే వరుసలో మళ్లీ నిలబడవలసి వస్తుంది. తొక్కు, నెయ్యి చేతి సంచిలో పెట్టకూడదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద బ్యాగులో పెడితే పిలిచి తీయిస్తారు. ఎండు కొబ్బరికి నిప్పంటుకునే గుణం ఉన్నందున పెద్ద బ్యాగులోనూ అనుమతించరు. సకినాలు, అప్పాలు, నువ్వుల పొడి నిశ్చింతగా తీసుకుపోవచ్చు. గసగసాలు మాత్రం, వంటకే అయినా, గల్ఫుకు ఒక్క చెంచాడు కూడా తీసుకుపోవద్దు. అక్కడ వాటిని మత్తు పదార్థాల కిందే లెక్కగడతారు, జైలు తప్పదు. అదే కారణంగా ఊళ్లో ఎవరిచ్చినా మూట విప్పి చూడకుండా పట్టుకుపోకూడదు, ఎంత దగ్గరివారైనా సరే.

పత్రాల దగ్గర లోపముంటే ఎంత ముందు చేరినా ఉపయోగం లేదు. టికెట్‌లో, పాస్‌పోర్టులో పేరు ఒకే తీరుగా ఉండాలి, పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు తక్కువ కాకుండా చూసుకోవాలి. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) కిందికి వస్తుంది. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫులో పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వలస అధికారి అయిన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ముందే తీసుకోవాలి, అది విమానాశ్రయంలో ఇచ్చేది కాదు. ఏజెంటు ఏమీ కాదు పొమ్మన్నాడని వెళ్లినవారిని ఇమిగ్రేషన్ దగ్గర వెనక్కి పంపిస్తారు. అప్పు చేసి కొన్న టికెట్ అక్కడే పోతుంది.

ఇక సాగనంపడం. ఒక్క మనిషి పోతుంటే బండినిండా మనుషులు కదలడం మన దగ్గర ఆనవాయితీ, దాన్ని వద్దనడం నా ఉద్దేశం కాదు. పిల్లాడు రెండేళ్లకు గానీ తిరిగిరాడు, తల్లి ‘పైలం బిడ్డా’ అనకుండా ఎట్లా పంపుతుంది? అయితే టికెట్, గుర్తింపు కార్డు ఉన్న ప్రయాణికుణ్నే భద్రతా సిబ్బంది లోపలికి పంపుతారు, ఆ తలుపు దగ్గర ఏడుపులకూ ఫోటోలకూ గంట గడవడం నేను చూశాను. వీడ్కోలు కార్యక్రమమంతా ఇంటి దగ్గరే, బండెక్కకముందే ముగించి, అక్కడ దిగగానే అతణ్ని లోపలికి పంపేయాలి.

విమానం తప్పిపోతే ఆ టికెట్‌తోపాటు తిరుగు టికెట్‌ను కూడా సంస్థ రద్దు చేయవచ్చు, అందువల్ల అందుకోలేమని దారిలోనే తేలితే కౌంటర్ మూయకముందే వారికి ఫోన్ చేసి తేదీ మార్పించుకోవాలి. సాగనంపడానికి వచ్చినవారు ‘ఇమిగ్రేషన్ దాటాను’ అని ఫోన్ వచ్చేదాకా బండి తీయవద్దు. అతణ్ని వెనక్కి పంపిస్తే తీసుకుపోవడానికి మనిషుంటారు, పంపించకపోతే ఆ రెండు గంటలు డ్రైవర్ నిద్రపోతాడు. ఘట్‌కేసర్ నుంచి జనగామ దాకా తెల్లవారుజామున బండి నడపడానికి అతనికి ఆ నిద్ర అవసరం.